ముట్టుకోకూడని తీర్థం

1950లో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కు సిబ్బంది మార్నింగ్ గ్లోరీ అనే వేడినీటి గుండంలో నీటిమట్టం తగ్గించి, అది పొంగేలా చేశారు. నీళ్ళతోపాటు 86 డాలర్లకు పైగా విలువ చేసే పెన్నీలు, వేరే నాణేలు, చేతిరుమాళ్ళు, తువ్వాళ్ళు, మేజోళ్ళు బయటపడ్డాయి. అన్నీ చూడవచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి విసిరినవే. అవి అడ్డుపడి నీళ్ళు పైకొచ్చే దారులు పూడుకుపోయాయి, గుండం చల్లబడింది. ఒకప్పుడు నిండు నీలంగా ఉన్న నీటి అంచుల మీదికి పసుపు, నారింజ రంగుల సూక్ష్మజీవులు పాకాయి. ఆ పాత నీలం ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ నాణేలు వేసినవాళ్ళలో గుండాన్ని పాడు చేద్దామనుకున్నవాళ్ళు ఎవరుంటారు? రాజమండ్రి దగ్గర రైలు గోదావరి వంతెన ఎక్కగానే రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకునే తెలుగువాళ్ళకు ఆ చేతులు ఎందుకు లేచాయో ఒకరు చెప్పనక్కర్లేదు. అద్భుతం ఎదురైతే మనిషికి ఏదో ఒకటి సమర్పించుకోవాలనిపిస్తుంది, తాకాలనిపిస్తుంది. మరి ఆ భక్తే తీర్థాన్ని చెరిపేస్తే దాన్ని ఇంకా భక్తి అనవచ్చా?

మన దగ్గర తీర్థమంటే మునగాలి, తలమీద చల్లుకోవాలి, పుచ్చుకోవాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్‌లో బియ్యం మూటగట్టి మరిగే ఊటలోకి దించితే అన్నం ఉడుకుతుంది. అక్కడి గురుద్వారా లంగరు వంటకూ ఆ వేడే ఆధారం. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి, భక్తులు వాటిని నెత్తిన చల్లుకుంటారు. నీటిని తాకకుండా తిరిగొస్తే యాత్ర చేసినట్టే అనిపించదు.

యెల్లోస్టోన్‌లో ఆ పద్ధతి సాగదు. అక్కడ వేడినీటి గుండాలు, బురద గుంటలు, ఆవిరి రంధ్రాలు, ఆకాశానికి చిమ్మే గీజర్లు కలిపి పది వేలకు పైనే ఉన్నాయి. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి, చాలా గుండాలు ఆ వేడికి దగ్గర్లోనే ఉంటాయి. చుట్టూ నేల గట్టిగా కనిపించినా పైన ఉన్నది పలచని పెచ్చే. దాని కింద సలసలా కాగే నీళ్ళు. అందుకే నడవడానికి చెక్కబాటలు వేశారు. 2016లో నోరిస్ ప్రాంతంలో ఒక యువకుడు స్నానానికి అనువైన చోటు వెతుకుతూ బాట దిగి, గుండంలో జారిపడి చనిపోయాడు. మర్నాటికి ఆ ఆమ్లజలం అతని దేహాన్ని కూడా మిగల్చలేదు.

ఇంత కఠినమైన చోట ఇప్పుడు గ్లాంపింగ్, అంటే హోటలు హంగులతో గుడారాల్లో బస, జోరుగా సాగుతోంది. పార్కు పడమటి ద్వారం బయట దళసరి కాన్వాసు గుడారాలు, లోపల పెద్ద మంచం, కట్టెల పొయ్యి, కొన్నింట్లో స్నానాల గది కూడా ఉంటుంది. ఇదేమీ కొత్త ముచ్చట కాదు. 1890లలోనే విలియం వైలీ అనే ఆయన ఇక్కడ చారల గుడారాలు వేయించి, చెక్క నేల, పరుపులు అమర్చి, గుర్రబ్బండ్లలో వచ్చేవాళ్ళకు బస ఇచ్చాడు.

కాలినడకన తిరుమల మెట్లెక్కే అలవాటున్న మనసుకు ఇది తీర్థయాత్రలా తోచదు. కష్టపడనిదే పుణ్యమెక్కడిది అనిపిస్తుంది. కానీ మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల గురించి చెబుతూ పెట్టిన మొదటి షరతు కష్టం కాదు. చేతులు, కాళ్ళు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం దక్కుతుందన్నాడు. పరుపు మీద పడుకున్నాడా, నేల మీద పడుకున్నాడా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

ఈ కొలత యెల్లోస్టోన్‌కు అతికినట్టు సరిపోతుంది. చేతులు అదుపులో ఉంటే నాణెం జేబులోనే ఉంటుంది. కాళ్ళు అదుపులో ఉంటే చెక్కబాట దాటవు. గర్భగుడి గడప దగ్గర ఆగిపోయే భక్తుడు దేవుడికి దూరమయ్యాననుకోడు, ఇక్కడా అంతే. పైగా ఆ నీళ్ళలో కాపురముండే జీవులున్నాయి. 1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఇక్కడి వేడినీటి ఊటలో కనుగొన్న థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైమే పీసీఆర్ పరీక్షకు ప్రాణం పోసింది. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకున్న వాళ్ళందరూ ఆ పరీక్ష పేరు విన్నవాళ్ళే. బ్రాక్ కూడా ఆ నీటిని తాకినవాడే. అయితే అతను కొద్దిపాటి నమూనా తీసుకుని, ఊటను ఊటగానే వదిలాడు.

మూడోది, మనసు. అన్నిటికంటే కష్టమైనది అదే. 1872లో ఈ పార్కును ఏర్పాటు చేసిన చట్టం దీన్ని ప్రజల మేలుకూ ఆనందానికీ కేటాయించింది. ఆ ప్రజల లెక్కలో అక్కడే బతుకుతున్న తుకుడికా షొషోనీలనే ఆదివాసులు లేరు. 1879 నాటికి వాళ్ళను వెళ్ళగొట్టారు. ఈ అమెరికా ఆదివాసులు గీజర్లంటే భయపడి ఇటు వచ్చేవాళ్ళే కాదని పార్కు తొలినాళ్ళ అధికారులు ప్రచారం చేశారు. గుండాల పక్కనే దొరికిన పాత విడిదుల ఆనవాళ్ళు ఆ మాట అబద్ధమని తేల్చాయి. ఇక్కడి నీళ్ళతో, కొండలతో అనుబంధమున్న తెగలు 27 అని ఈనాడు పార్కే ఒప్పుకుంటోంది. వాళ్ళలో చాలామందికి ఇది ప్రార్థనాస్థలం. ఈ చోటు మన సరదా కోసమే పుట్టిందన్న భావన మనసు అదుపు తప్పిందనడానికి గుర్తు. అది ఖరీదైన గుడారంలో ఉన్నవాడికి ఎంత ఉండగలదో, సంచి భుజానేసుకుని నడిచేవాడికీ అంతే ఉండగలదు.

2022లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజరు దగ్గర ఆ తెగల వారసత్వ కేంద్రం ఒకటి తెరిచారు. అక్కడ ఆ తెగల కళాకారులు, పండితులు వచ్చినవాళ్ళతో ముఖాముఖి మాట్లాడతారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో యెల్లోస్టోన్‌కు తరచుగా వెళుతుంటాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సుమారు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది కాబట్టి ఎలాగూ ఎదురుచూపు తప్పదు. ఆ వ్యవధిలో పిల్లల్ని ఆ కేంద్రానికి తీసుకెళ్ళి, ఈ నీళ్ళ దగ్గర మీ పెద్దలు ఎలా మెలిగేవారని అక్కడివాళ్ళను అడిగించాలి.