కాయకము కాని పని

కాయకమునందే కైలాసమున్నదని శరణులు బోధించిరి. ఎనిమిది శతాబ్దములకు పైగా వీరశైవ గృహములలో ఈ బోధ వినబడుచున్నది. అయితే ఇంతటి మాటను కూడ లోకము తన సౌకర్యమునకు వంచుకొన్నది. పాకీపని చేయు స్త్రీని చూపి, అది ఆమె కాయకమనియు, ఆమెకు ముక్తి అందులోనే కలదనియు ధర్మము పలికిన పెద్దలు లేకపోలేదు. ఆ ముక్తిమార్గమును తమ బిడ్డలకు కోరిన పెద్దలు మాత్రము కానరారు.

బసవేశ్వరుని అనుభవమంటపమున తాళ్లు పేనినవారును, చెప్పులు కుట్టినవారును, రాలిన బియ్యపుగింజలు ఏరుకొన్నవారును సమానులై కూర్చుండిరి. సత్యక్క ఊడ్చుటను కాయకముగా పట్టినది. ఒక పనిని నియమముగా పట్టుట వేరు, పుట్టుకను బట్టి దానిని నెత్తిన పెట్టించుకొనుట వేరు. మాదర చెన్నయ్య సమర్పించిన అంబలిని శివుడు ఆరగించిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి చెప్పెను. ఆ కథ చెన్నయ్యను ఉన్నచోటనే ఉండుమని చెప్పుటలేదు. చోళరాజు గర్వమునే దించుచున్నది.

ఈ భేదమును చేతలతో చూపినవాడు బెజవాడ విల్సన్. ఆయన వీరశైవుడు కాడు. 1966లో కోలారు బంగారు గనుల పట్టణమున, తరతరములుగా మలము మోసిన కుటుంబములో జన్మించెను. తాము చేయు పని ఎట్టిదో తల్లిదండ్రులు చిన్ననాడు కుమారునికి తెలియనీయలేదు. చదువుకొని ఉద్యోగము కొరకు పేరు నమోదు చేయించుకొనబోగా, అచ్చటి ఉద్యోగి కులమును చూచి పాకీపని అని వ్రాసెను. విల్సన్ ఆ కాగితమును వదలి వచ్చెను. తరువాత ఒకనాడు గుంతలో పడిన బక్కెట కొరకు ఒక మనిషి చేయి అందులో ముంచుట చూచి ఏడ్చెను. ఏడ్చి ఊరకుండలేదు. అధికారులకు జాబులు వ్రాసెను, ఛాయాచిత్రములు పంపెను.

1993లో ఈ పనిని నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసినది. చట్టము వచ్చినను బుట్ట నెత్తిమీదనే ఉండెను. అంతట విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో పేదల పక్షమున నిలిచిన ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ మొదలగువారు సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నెలకొల్పిరి. అందలి కార్యకర్తలలో పెక్కుమంది ఆ కుటుంబముల యువతీయువకులే. వీరు చేసిన పని ఉపన్యాసము కాదు, లెక్క. పాకీదొడ్డి ఎచ్చట నున్నది, ఎవరిది, దానిని ఎత్తువారెవరు అని ఒక్కొక్కటిగా వ్రాసికొనిరి. 2003లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయగా, తమ యొద్ద అట్టి దొడ్లే లేవని ప్రభుత్వములు ప్రమాణపత్రములు సమర్పించెను. ఆ ప్రమాణములకు ఎదురుగా నిలిచినవి ఈ పిల్లల పట్టికలు, ఛాయాచిత్రములే.

2013లో మరింత గట్టి చట్టము వచ్చినది. 1993 నుండి మురుగుకాలువలలో మరణించిన వారి కుటుంబములకు తలకు 10 లక్షలు చెల్లింపవలెనని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023లో అట్టి మరణములకు పరిహారమును 30 లక్షలకు పెంచెను. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారము లభించెను. అయినను కాలువలలో మరణములు ఆగలేదు.

బుట్ట దింపిన స్త్రీకి మరునాటి గంజి ఎట్లు? ఈ ప్రశ్న కష్టమైనది. ఆమెకు వేరొక జీవనము చూపక బుట్టను మాత్రము దింపించువాడు సగము పనియే చేసినవాడగును. దాసోహమును ఎఱిగిన సమాజము తక్కిన సగమును మోయవలసియున్నది. అన్నము పెట్టుట తేలిక. కుట్టుపనియో, అంగడియో, పిల్లల బడియో కుదురువరకు తోడుండుట తేలిక కాదు.

మఠముల మాటయు కొంత కలదు. జాతరకు వేలమంది వత్తురు, ప్రసాదము స్వీకరింతురు. జాతరకు ముందు మఠము వెనుక సెప్టిక్ ట్యాంకు తెరువబడును. రక్షణ సాధనములు లేక మనిషిని అందులో దింపుట 2013 చట్టము 7వ సెక్షను ప్రకారము నేరము. మొదటిసారికే రెండేండ్ల వరకు కారాగారమో, 2 లక్షల వరకు జరిమానాయో, రెండునో పడవచ్చును. గుత్తేదారునికి అప్పగించితిమను మాట ఒక సాకు మాత్రమే. పందిళ్లు వేయుటకు, వడ్డనకు ముందు నిలుచు మఠము యువజనులు, మూత తెరచు దినమున కూడ అచ్చట నిలిచి, యంత్రము వచ్చినదా, మనిషి దిగుచున్నాడా అని చూడవచ్చును. మనిషి దిగబోయినచో ఆ పనిని అప్పుడే ఆపింపవచ్చును. వారి మాటను పీఠాధిపతులు మన్నింపవలసియుండును.