నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?

ఖిల్లా ఘణపూర్ గణపసముద్రం చెరువు కింద సాగు చేసే రైతులకు తెలిసిన సంగతే. చెరువు కట్ట ఒక్కసారిగా తెగదు. ముందు చిన్న ఎండ్రకాయ బొరియ పడుతుంది. ఓటుకు తీసుకునే నోటూ అలాంటిదే. ‘అందరూ తీసుకుంటున్నారు, నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?’ అంటాం. ‘అది మన సొమ్మే కదా’ అని సర్దిచెప్పుకుంటాం. అలా సర్దుకుంటూ పోతే సిగ్గుపడాల్సిందే హక్కులా కనిపిస్తుంది. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో అదే చూశాం. డబ్బుల కవర్లు తమకు అందలేదని కొన్ని ఊళ్లలో జనం బాహాటంగానే నిరసనకు దిగారు.

‘డబ్బు తీసుకున్నా, ఓటు మాత్రం నచ్చినవాళ్లకే వేస్తాం’ అనేవారున్నారు. ఇంటికొచ్చిన సొమ్మును పేదవాడు ఎలా కాదంటాడని అడిగేవారూ ఉన్నారు. పేదరికం నిజమే. కానీ పంచే స్తోమత లేని మంచి మనిషి పోటీకే రాలేడు. పంచి గెలిచినవాడు పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలనే చూస్తాడు. అప్పుడు ఎక్కువగా నష్టపోయేది ఆ పేదవాడే. పైగా, ఇవ్వడమే కాదు, ఓటుకు డబ్బు తీసుకోవడమూ చట్టం ముందు నేరమే. నా ఒక్కడి వల్ల ఏమవుతుందని ఊరంతా అనుకుంటే, ఊరంతా అమ్ముడుపోయినట్టే. ఈసారి కవరు గుమ్మం దాకా వస్తే, వద్దని చెప్పండి. ఆ మాట మీ ఇంటి నుంచే మొదలుకానివ్వండి.