పోయిన నీరు తిరిగి అందాలి

విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు అసలు ప్రమాదం ఒంట్లో నీరు తరిగిపోవడం. నీళ్లందని వరినారులా బిడ్డ గంటల్లో వాడిపోతుంది. పోయిన నీరు వెంటనే తిరిగి అందాలి. ఉప్పు, చక్కెర ఉండే ఓఆర్‌ఎస్ పొడిని, పొట్లంపై రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే కాసేపు ఆగి, మళ్లీ పట్టాలి. తల్లిపాలు మాన్పించకూడదు.

ఓఆర్‌ఎస్ చిన్న మందు కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్లతోనే ఎందరో ప్రాణాలు నిలిపారు.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా పడుకున్నా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఆగకూడదు. అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ నుంచి శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) జి.బి. పంత్ ఆసుపత్రికి వెళ్లే దారిలోనూ, బిడ్డ మింగగలిగితే, ఓఆర్‌ఎస్ నీళ్లు పడుతూనే ఉండాలి.