పదకొండేళ్లు ముందు అన్న మాట

పోయిన వేసవి సెలవుల్లో మా విచారణ యువతీయువకులకు మూడు రోజుల శిబిరం జరిగింది. రెండో రోజు సాయంత్రం వాళ్లకు ఒక పని అప్పగించాను. "చరిత్రలో ఎవరి జీవితాన్ని సినిమాగా తీస్తే బాగుంటుంది? ఎందుకు? తలా ఒక పేజీ రాయండి" అన్నాను. మన పిల్లలకు సినిమా అంటే ఎంత మక్కువో వేరే చెప్పాలా? అరగంటలో కాగితాలన్నీ నిండిపోయాయి. మదర్ తెరెసా, జోన్ ఆఫ్ ఆర్క్, పునీత దేవసహాయం, సర్ ఆర్థర్ కాటన్... ఒక్కొక్క పేరూ వింటుంటే ముచ్చటేసింది.

ఇంటర్మీడియట్ చదివే ఒక కుర్రవాడు ఫాదర్ డేమియన్ పేరు రాశాడు. పేరుతో ఆగలేదు. చివరి సన్నివేశం కూడా రాసుకొచ్చాడు. అలసిపోయి ఇంటికొచ్చిన ఫాదర్ వేడినీళ్ల తొట్టెలో కాళ్లు పెడతారు. నీళ్లు సలసలా కాగుతున్నాయి. చర్మం బొబ్బలెక్కింది. కానీ నొప్పి తెలియడం లేదు! ఆ క్షణంలో ఆయనకు అర్థమవుతుంది, తనకూ కుష్ఠు సోకిందని. మరుసటి ఆదివారం పీఠం దగ్గర నిలబడతారు. రోజూ "ప్రియ సహోదరులారా" అనే గురువు ఈరోజు ఆగి, "కుష్ఠరోగులమైన మనం..." అని మొదలుపెడతారు. గుడి అంతా వెక్కి వెక్కి ఏడుస్తుంది. గంట మోగుతుంది. శుభం.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్లూ చెమ్మగిల్లాయి. చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో నేనూ ఆ కథను అలాగే విన్నాను. కానీ అందరూ వెళ్లాక ఆ కుర్రవాణ్ణి ఆపి ఒక సంగతి చెప్పాను. వేడినీళ్ల సంఘటన నిజమే. అది 1884 చివరలో జరిగింది. కానీ "కుష్ఠరోగులమైన మనం" అనే మాట ఆయన ఆ తర్వాత అన్నది కాదు. మొలొకాయి దీవికి వెళ్లిన ఆరు నెలలకే, 1873 నవంబరులోనే, గురువైన తన అన్నకు రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పారు. ప్రసంగంలో తాను "సహోదరులారా" అనననీ, "కుష్ఠరోగులమైన మనం" అనే అంటాననీ రాశారు. అప్పటికి ఆయన వయస్సు 33. ఒంటి మీద మచ్చ లేదు.

కుర్రవాడు కాసేపు ఆలోచించి అన్నాడు: "అది ముందే పెట్టేస్తే సినిమా చప్పగా అయిపోతుంది కదా మాస్టారూ! పదకొండేళ్లు అటూ ఇటూ జరిపితే పాపమా?"

"రేపు చెబుతాను" అని అప్పటికి తప్పించుకున్నాను. నిజానికి ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న ఒక్క సినిమా వాళ్లది కాదు. ప్రసంగాలు చెప్పే గురువులది, ఉపదేశులది, పడుకునేముందు పిల్లలకు పునీతుల కథలు చెప్పే తల్లులది కూడా. కథ రక్తి కట్టడం కోసం చనిపోయినవారి జీవితాన్ని మనం ఎంతవరకు సర్దవచ్చు?

ముందుగా ఆ జీవితాన్ని ఒకసారి తలచుకుందాం. డేమియన్ 1840 జనవరి 3న బెల్జియంలోని ట్రెమెలో గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. హవాయికి వెళ్లవలసింది ఆయన అన్న. ప్రయాణానికి ముందు అన్న జబ్బుపడితే తమ్ముడు ఆ స్థానంలో బయలుదేరారు. 1864 మార్చిలో హొనొలులులో దిగి, మే నెలలో అక్కడే గురుపట్టం పొందారు. హవాయి ప్రభుత్వం 1865లో చేసిన చట్టం ప్రకారం కుష్ఠు సోకినవారిని ఇంటి నుంచి, భార్యాబిడ్డల నుంచి విడదీసి మొలొకాయి దీవిలోని కలవావోకు పంపేవారు. ఒకవైపు నిట్టనిలువు కొండ, మూడువైపులా సముద్రం. 1873 మే 10న డేమియన్ అక్కడికి చేరారు. గురువులు వంతులవారీగా వెళ్లాలని మొదట అనుకున్నారు. కానీ వంతు ముగిసినా ఆయన తిరిగి రాలేదు. పదహారేళ్లు అక్కడే ఉండి, 1889 ఏప్రిల్ 15న, పవిత్ర వారపు సోమవారం నాడు, అదే జబ్బుతో కన్నుమూశారు. పుండ్లు కడిగారు, ఇళ్లు కట్టారు, నీళ్ల గొట్టాలు వేశారు, శవపేటికలు చేశారు, గోతులు తవ్వారు. 2009 అక్టోబరు 11న బెనెడిక్ట్ 16వ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. పదహారేళ్లను రెండు గంటల్లో చూపాలంటే కత్తిరించక తప్పదు. అది తప్పు కాదు. 1978లో వచ్చిన "కరుణామయుడు" మనలో చాలామంది గుడి ఆవరణలో తెల్లగుడ్డ తెర ముందు నేల మీద కూర్చుని చూసినవాళ్లమే. ముప్పై మూడేళ్లు కొద్ది గంటల్లో ఎలా ఇమిడాయని ఎవరూ అడగలేదు. సువార్తికులు కూడా నజరేతులో గడిచిన ఏళ్లను ఒకటి రెండు వాక్యాలలో దాటేశారు. కుదించడం అబద్ధం కాదు. మాటలు ఊహించడమూ అబద్ధం కాదు. తెర ముందు కూర్చున్నవాడికి అది ఊహ అని తెలుసు.

మరి ఏది అబద్ధం? మన ఇళ్లలోని సంగతే తీసుకోండి. మంచాన పడిన అత్తగారికి ఒక కోడలు ఐదేళ్లు సేవ చేసింది. అత్తగారు పోయేముందు ఇల్లు ఆమె పేరున రాసింది. ఊళ్లో ఎవరో ఈ కథ చెబుతూ, ఇల్లు రాసింది ముందు, సేవ మొదలైంది తర్వాత అని వరుస మార్చారనుకోండి. చేసిన పనులు అవే, ఐదేళ్లూ అవే. మారింది వరుస ఒక్కటే. కానీ ఆ కోడలి గుండె కోసినట్లే కదా! వరుస మారితే కారణం మారింది. ప్రేమ కాస్తా బేరమైంది.

డేమియన్ గారి మాట కూడా అంతే. జబ్బు సోకాక "కుష్ఠరోగులమైన మనం" అంటే అది ఉన్న సంగతి చెప్పడం. అందులో ధైర్యం ఉంది, దుఃఖం ఉంది. కానీ ఒళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడు, కావాలంటే తిరుగు ఓడ ఎక్కగలిగినప్పుడు ఆ మాట అంటే అది ఎంపిక. మొదటిది ఆయనకు జరిగింది. రెండోది ఆయన చేసింది. చివరికి పెడితే, జబ్బు ఆయనను రోగుల్లో ఒకరిని చేసిందని ప్రేక్షకుడు అనుకుంటాడు. నిజానికి ఆయన ముందే వాళ్లలో ఒకరయ్యారు. జబ్బు తర్వాత వచ్చింది. కుదించవచ్చు, ఊహించవచ్చు, కానీ ఒక మనిషి తన పని ఎందుకు చేశాడన్నది మార్చకూడదు. అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ బ్రతికున్న పొరుగువారికే పరిమితం కాదు. చనిపోయినవారూ మన పొరుగువారే. పైగా వాళ్లు లేచి "నేను అలా అనలేదు" అని చెప్పుకోలేరు.

రెండో సంగతి, తప్పులు. పునీతుల సినిమా అంటే మచ్చలేని ముఖం, తల వెనుక వెలుగు ఉండాలని మనకు ఆశ. డేమియన్ గారు మొండివారు, తొందర మనిషి, పై అధికారులతో గొడవపడినవారు. ఆయన చనిపోయాక హొనొలులులోని డాక్టర్ హైడ్ అనే ప్రొటెస్టెంటు బోధకుడు ఆయనను ముతక మనిషి, మురికివాడు అని నిందిస్తూ ఒక ఉత్తరం రాశాడు. అది పత్రికకెక్కింది. దానికి 1890లో ఘాటుగా జవాబిచ్చింది కతోలికుడు కాదు, స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. డేమియన్ పోయిన నెలకే ఆయన మొలొకాయికి వెళ్లి కొద్దిరోజులు ఉండి, అందరినీ అడిగి తెలుసుకున్నారు. చిత్రమేమిటంటే, స్టీవెన్‌సన్ ఆ లోపాలను దాచలేదు. తాను విన్నవన్నీ చెప్పి, ఇన్ని లోపాలున్న మనిషే ఇంత పని చేశాడు, హాయిగా ఇంట్లో కూర్చున్నవారు చేయలేదు అన్నట్లుగా వాదించారు. లోపాలు దాచి కాపాడటం కన్నా చూపి కాపాడటం ఎంత బలమైనదో అక్కడ తెలుస్తుంది. మచ్చలేని పునీతుణ్ణి చూస్తే మనం దండం పెట్టి ఇంటికి పోతాం. కోపిష్ఠి పునీతుణ్ణి చూస్తే, "మరి నేనెందుకు చేయను?" అన్న ముల్లు గుచ్చుకుంటుంది.

మూడోది, ఒక్కడే వీరుడు కావడం. సినిమాకు కథానాయకుడు ఒకడుండాలి. మిగతావారు గుంపు. కానీ మొలొకాయిలో రోగులు గుంపు కాదు. అంబ్రోస్ హచిసన్ అనే హవాయి రోగి ఆ స్థావరానికి ఏళ్ల తరబడి పర్యవేక్షకుడుగా ఉన్నాడు. జబ్బు లేకపోయినా భర్త వెంట, బిడ్డ వెంట ఆ దీవికి వచ్చి సేవ చేసినవారున్నారు. వాళ్లను కోకువా అనేవారు. 1886లో వచ్చిన జోసెఫ్ డటన్ అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుడు. 44 ఏళ్లు అక్కడ కట్లు కట్టాడు. మదర్ మేరియన్ కోప్ 1888లో మఠకన్యలతో మొలొకాయికి వచ్చి, 1918లో మరణించేవరకు 30 ఏళ్లు సేవ చేసింది. ఆమెకు జబ్బు సోకలేదు. ఆమెను శ్రీసభ 2012లో పునీతురాలిగా ప్రకటించింది. ఆమె సినిమాకు పతాక సన్నివేశం ఏది? రోజూ ఉదయం లేవడం, కట్లు మార్చడం, ఆడపిల్లలకు బట్టలు కుట్టడం. మార్పు లేనిదే సినిమా నడవదు. మారకుండా నిలబడటమే నమ్మకం. అందుకే మంచి జీవితాలన్నీ మంచి సినిమాలు కావు. సినిమా కాలేదని ఆ జీవితం తక్కువదీ కాదు.

అలాగని సినిమాలు వద్దని నా మాట కాదు. 1999లో పాల్ కాక్స్ దర్శకత్వంలో డేమియన్ గారి కథ సినిమాగా వచ్చింది. ఆ నేల మీదనే తీశారు, అక్కడ మిగిలిన రోగులూ అందులో కనిపించారు. నిజంలోనూ తెరకు తగిన ఘట్టాలకు కొదవ లేదు. ఒకసారి పాపసంకీర్తనం వినడానికి వచ్చిన పెద్ద గురువును ఓడ దిగనివ్వలేదు. డేమియన్ గారిని ఓడ ఎక్కనివ్వలేదు. ఆయన పడవలో నిలబడి, పైకి తలెత్తి, అందరూ వింటుండగా తన పాపాలు గట్టిగా ఒప్పుకున్నారు. దీనికి ఏ రచయిత మెరుగులు దిద్దాలి?

మర్నాడు కుర్రవాడికి ఇదంతా చెప్పాను. వాడు వాదించాడు, నేనూ వాదించాను. చివరికి "ఆలోచిస్తాను మాస్టారూ" అని కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాడు.

మొన్న విచారణ పండుగకు అదే కథను నాటికగా వేశారు. మొదటి సన్నివేశంలోనే యువ గురువు గుడిలో నిలబడి "కుష్ఠరోగులమైన మనం" అన్నాడు. చప్పట్లు పడలేదు. వేడినీళ్ల ఘట్టం దగ్గర కూడా ఎవరూ పెద్దగా ఏడవలేదు. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. నాటిక ముగిశాక ముందువరుసలో కూర్చున్న ఒక ముసలాయన వాణ్ణి పిలిచి అడిగాడు:

"ఏరా అబ్బాయ్, ఒంట్లో జబ్బు లేనప్పుడే ఆ మాట ఎందుకన్నాడురా ఆయన?"

వాడు నావైపు చూశాడు. నేను జవాబు చెప్పలేదు. ముసలాయన ఆ ప్రశ్నతోనే ఇంటికి వెళ్లాడు. ప్రియ పాఠకులారా, మనలో ప్రతి ఒక్కరూ అలా ఇంటికి వెళితే చాలు. ఈసారి మీ పిల్లలకు ఏ మహనీయుని కథ చెప్పినా, కన్నీళ్లు వచ్చేలా చెప్పాలన్న తొందరలో ఆయన మాటను ఉన్నచోటు నుంచి కదపకండి.