పరుల పగకు పనివాడు

మహేతిహాసములలో నాయక ప్రతినాయకుల నడుమ, కథకు అవసరమైనంతసేపు నిలిచి, అప్పగించిన పని ముగించి, తరచుగా పేరైనను మిగులకుండ తొలగిపోవు వారు కొందరు కలరు. వారు ఎవరిని వేటాడుదురో వారిపై వారికి పగ లేదు. ఎవరికొరకు వేటాడుదురో వారియందు భక్తియు లేదు. ఆజ్ఞయో ధనమో వారిని నడపును. పగ ఒకరిదియు చేయి వేరొకరిదియు అయినప్పుడు ఆ చేతిని ధర్మము ఎట్లు విచారించును? ఈ ప్రశ్నకు కోనసీమ నైరృతి కొసన, వసిష్ఠ గోదావరి సముద్రమున కలియు అంతర్వేదిలో, ఆలోచింపదగిన కథ యొకటి కలదు.

రాజోలు సీమవారు తరతరములుగ వినుచున్న స్థలపురాణమిది. హిరణ్యాక్షుని కుమారుడగు రక్తావలోచనుడు ఆ నదీతీరముననే చిరకాలము తపస్సు చేసి శివునివలన వరము పొందెను: తన దేహమునుండి జారిన నెత్తురు ఎన్ని ఇసుకరేణువులను తడుపునో, అంతమంది తనవంటి రక్కసులు లేచి నిలువవలెను. వరగర్వముతో లోకమును పీడించుచున్న వానిని, వసిష్ఠునితో వైరము పూనిన విశ్వామిత్రుడు తన పనికి నియోగింపగా, అతడు ఆ ఆజ్ఞచొప్పున వసిష్ఠుని నూర్గురు కుమారులను చంపెను. పుత్రశోకార్తుడైన మహర్షి మొరకు నరసింహస్వామి లక్ష్మీసమేతుడై గరుడునిపై వచ్చి చక్రము ప్రయోగించెను. తెగిన దేహమునుండి నెత్తురు ఇసుకపై చిందగా వేలమంది రక్కసులు పుట్టిరి. అంతట స్వామి తన మాయాశక్తిచేత ఆ నెత్తురు నేల తాకకుండ రక్తకుల్య యను నదిగ పారించి, పిదప వానిని సంహరించెను.

ఈ కథ విన్న ధర్మజిజ్ఞాసువునకు ఒక బాధ కలుగక మానదు. పురికొల్పిన విశ్వామిత్రుడు కాలక్రమమున బ్రహ్మర్షి యయ్యెను. చేసిన రక్కసుడు నెత్తుటియేరై పారెను. కర్త, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, అనుమోదించినవాడు, ఈ నలుగురును సుకృత దుష్కృతములందు సమభాగులని పెద్దలు చెప్పుదురు గదా. ఆ సమభాగము ఇక్కడ ఏమయ్యెను? రాక్షసజన్మమే వాని దోషమందమా, వాని పెదతండ్రి హిరణ్యకశిపుని కుమారుడే ప్రహ్లాదుడు! ఏ నరసింహుడు ఇతనిని చంపెనో ఆ నరసింహుడే ప్రహ్లాదుని చేరదీసెను. కాబట్టి జాతిని తప్పుపట్టి ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు వీలు లేదు.

నాకు తోచిన సమాధానమిది. విశ్వామిత్రుని క్రోధము ఎంత దారుణమైనను అది అతనిది. తనదైన దానిని తాను గుర్తింపవచ్చును, దానికి సిగ్గుపడవచ్చును, తపస్సున దహింపవచ్చును. అతడు చేసినదియు అదే. దీర్ఘతపస్సున క్రోధమును గెలిచిన పిదపనే వసిష్ఠుడు అతనిని బ్రహ్మర్షిగ అంగీకరించెను. ఆ తపస్సే అతడు చెల్లించిన సమభాగము. ఎరువు తెచ్చుకొన్న పగతో చంపినవానికి దహించుకొనుటకు తనదంటూ క్రోధమే లేదు. "నాకేమి, చెప్పిన పని చేసితిని" అనునదే వాని మనసులోని మాట. ఆ మాట వాని పాపమును తగ్గింపదు సరిగదా, పశ్చాత్తాపపు ద్వారమునే మూసివైచును.

భారతము శల్యపర్వములో ఇట్టివారే పేరు లేక కనిపింతురు. దుర్యోధనుడు ద్వైపాయనహ్రదమున నీటిలో దాగియుండగా, నిత్యము భీమునికి మాంసము తెచ్చియిచ్చు వేటకాండ్రు కొందరు మోతబరువున అలసి దప్పి తీర్చుకొనుటకు ఆ మడుగు చేరి, అశ్వత్థామ కృప కృతవర్మలు నీటిలోని రాజుతో పలుకు మాటలు చాటుననుండి వినిరి. పాండవులు అతనికొరకు వెదకుచున్న సంగతి వారికి తెలియును, ఈ వార్త చెప్పిన భీముడు ధనమిచ్చునని తమలో తాము అనుకొని, పోయి చెప్పిరి, బహుమతి పొందిరి. తరువాత వారేమైరో చెప్పక భారతము గదాయుద్ధమువైపు సాగిపోవును. నేటి లోకము నక్షత్రాంతర గాథలను చిత్రములుగ తీసినను ఈ మనిషిని విడువలేదు: 1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' చిత్రములో ప్రతినాయకుడగు డార్త్ వేడర్ తన ఓడపై బహుమతివేటగాండ్రను వరుసగ నిలిపి పని అప్పగించునప్పుడు, వారిలో బల్లిమొగముతో బాస్క్ అను గ్రహాంతరవాసి యొకడు క్షణకాలము నిలిచి తొలగిపోవును.

వీరిని గీతాబోధ యెదుట నిలిపి చూడవలెను. అర్జునునికి యుద్ధభూమిలో అందరును తనవారే. ప్రతి బాణమునకు ఒక బంధుత్వమడ్డము. ఆ మమతలన్నియు ఉండగనే ఫలమును విడిచి కర్మ చేయుమని భగవానుడు బోధించెను. కూలికి వేటాడువానికి మమత లేదు, ద్వేషము లేదు, ఉన్నది ఫలమొక్కటే. పైకి చూచిన ఇతడు రాగద్వేషరహితుడైన యోగివలె కనిపించును గాని, నిజమునకు యోగికి సరిగ తలక్రిందైనవాడు. యోగి ఫలమును విడిచి కర్మను తనదిగ చేసికొనును. ఇతడు కర్మను పరులదని త్రోసివైచి ఫలమును మాత్రము తనదిగ పుచ్చుకొనును. ద్వేషము లేకపోవుటయే నిష్కామము కాదని తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు.

అట్లు చూచినప్పుడు రక్తావలోచనుని వరమునకును అర్థము స్ఫురించును. స్వంత పగ పగవానితో ముగియును. కూలిపగకు ముగింపు లేదు. ఒకడు పడిన చోటనే ఇంకొకడు లేచును. ఏలయన వానిలో వాడు మాత్రమే చేయదగినది ఏదియు లేదు, ఆ వెలకు ఎవడైనను సరిపోవును. అందుచేతనే చక్రము ఒక్కటి చాలదయ్యెను. నెత్తురు నాటుకొనుటకు నేల లేకుండ చేయవలసివచ్చెను. ఆ నేల మన లోభమే, మన భయమే. ఈ గోదావరికి ఎగువనున్న మన్యములో 1922 నుండి 1924 వరకు సాగిన పోరాటమున అల్లూరి సీతారామరాజు తలకు ప్రభుత్వము 10,000 రూపాయలు వెలకట్టెను. దరిద్రము తాండవించు ఆ కొండపల్లెలలో అది ఊహకందని ధనము. అయినను దాదాపు రెండేండ్లు ఆయన ఆ జనుల ఆదరణలోనే తిరుగగలిగెను. వెల నిలిచియున్నను, అది మొలచుటకు నేల అంత సులభముగ దొరకలేదు.

అంతర్వేదిలో స్వామి రథోత్సవము మాఘశుద్ధమున భీష్మైకాదశినాడు జరుగును. ఆ భీష్ముడే యుద్ధారంభమున అనుజ్ఞ కోరవచ్చిన ధర్మరాజుతో, మనుష్యుడు అర్థమునకు దాసుడనియు, కౌరవుల అర్థముచేత తాను కట్టువడితిననియు చెప్పెను. అంతటి పితామహుడును పరుల పగకు విల్లెత్తినవాడే. కాని ఆ బంధమును బంధమని నోట పలికెను, తొమ్మిదవనాటి రాత్రి తనను పడగొట్టు ఉపాయమును తానే తెలిపెను. రక్కసునకు పితామహునకు గల అంతరము ఇదియే. జీతమునకో ఆజ్ఞకో లోబడి పరుల పని చేయని గృహస్థుడు నేడు అరుదు. కావున ఈ విచారణ మనలో ప్రతివానికిని చెందును. ధర్మము దృష్టిలో అప్రధానపాత్ర లేదు. చెప్పినవాడెవడైనను చేసినది నేనేయని యెవడు ఒప్పుకొనునో, వాడే దానిని మానుటకు అధికారియగును.