నవ్వు ఎవరి ఖాతాలో?

2011 జులైలో ‘ఢిల్లీ బెల్లీ’ని హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో నలుగురు మగ స్నేహితులతో చూశాను. విజయ్ రాజ్ వేసిన గ్యాంగ్‌స్టర్ పేరు సోమయాజులు అని తెలియగానే మా వరస మొత్తం ఘొల్లుమంది. శంకరశాస్త్రి వేషం వేసినాయన పేరుతో ఒకడు వజ్రాల కోసం జనం మీదికి పిస్తోలు ఎత్తుతుంటే తెలుగువాడు నవ్వక ఏం చేస్తాడు!

మొన్న అదే సినిమా ఇంట్లో చెల్లెలితో కలిసి చూశాను. ఈసారి కొన్నిచోట్ల నవ్వు గొంతులోనే ఆగిపోయింది. పక్కన చెల్లెలుందన్న మొహమాటం అనుకున్నా మొదట. కాదు. బూతులకి తను నాకంటే ఎక్కువే నవ్వింది. నేను ఆగిన చోట్ల అసలు బూతే లేదు.

అక్షత్ వర్మ రాసి, అభినయ్ దేవ్ తీసిన ఈ సినిమాలో కథ చిన్నదే. నితిన్ రోడ్డు పక్కన తందూరీ చికెన్ తిని కడుపు పాడుచేసుకుంటాడు. డాక్టరుకి ఇవ్వాల్సిన మలం శాంపిల్, గ్యాంగ్‌స్టర్‌కి చేరాల్సిన వజ్రాల పొట్లం తారుమారవుతాయి. ఇక్కడ అసహ్యం పైనుంచి అతికించిన జోకు కాదు, కథ తిరిగే ఇరుసే అది. విరేచనాలు లేకపోతే తారుమారు లేదు, తారుమారు లేకపోతే సినిమా లేదు. పెచ్చులూడే కప్పు, నీళ్ళొచ్చే వేళకి ఎవడూ లేవని అద్దె వాటా, చివరికి నారింజ రసంతో కానిచ్చే శౌచం... బ్యాచిలర్ గదిలో బతికినవాడెవడూ ఇది అబద్ధం అనలేడు. నితిన్‌ని చూసి నవ్వేటప్పుడు మనం వాడికంటే పైన లేము. రేపు మన కడుపూ అంతే.

పైగా ఇది దొంగచాటు సినిమా కాదు. ‘ఎ’ సర్టిఫికెట్ తీసుకుంది, పిల్లల్ని తీసుకురావద్దని నిర్మాత ఆమిర్ ఖానే ముందు చెప్పాడు. ‘కుటుంబ సమేతంగా చూడండి’ అని పోస్టరేసి లోపల డబుల్ మీనింగులు దట్టించే మన కామెడీ ట్రాకుల కంటే ఇది నిజాయితీ. (నీతినీ బూతునీ ఒకే శతకంలో కూర్చోబెట్టిన కవి చౌడప్ప ఉంటే ఈ విషయంలో నా పక్షమే అనుకుంటా.)

మరి ఎక్కడ ఆగిపోయాను? అరూప్‌ని ప్రేమించిన అమ్మాయి వాణ్ణి వదిలేసి ఇంకొకర్ని చేసుకోబోతుంది. వాడు ఆ పెళ్ళిలో చొరబడి ఆమెని దయ్యం అని పాడినట్టు ఊహించుకుంటాడు. అదే ‘జా చుడైల్’ పాట. ఆ అమ్మాయి ఏమనుకుందో సినిమాకి అక్కర్లేదు. సోనియాదీ అదే గతి. ఆమె అమాయకత్వం ఒక జోకు, తాషీ ఆమెని వదిలి మేనక వైపు జరగడానికి అదే లైసెన్సు. సొంత శరీరం మీద నవ్వుకోగలిగిన ఈ ముగ్గురూ సొంత ఓటమి మీద మాత్రం నవ్వుకోలేరు. దాని ఖర్చు ఇంకొకరు భరించాలి.

“ఆ పిల్ల చేసిన తప్పేంట్రా అన్నయ్యా?” అంది చెల్లెలు.

“కామెడీ కదే” అన్నాను. ఆ మాట నాకే చప్పగా వినబడింది. నవ్వు తుమ్ములాంటిది, దానంతటదే వస్తుంది, దానికి జవాబుదారీ ఏంటి అని వాదించొచ్చు. కానీ తుమ్ము పక్కన ఎవరున్నారో చూసుకుని రాదు. నవ్వు చూసుకునే వస్తుంది. నాది మల్టీప్లెక్స్‌లో వచ్చింది, ఇంట్లో రాలేదు.

2011లో మా వరసలో కూర్చున్న ఒకడికి అప్పుడే ఒకమ్మాయి కాదని చెప్పింది. సినిమా చూసిన మర్నాడే ఆ పాట వాడి రింగ్‌టోన్ అయింది. ఆమెదీ మా ఆఫీసే, వాడి సీటుకి రెండు సీట్ల అవతల. ఫోన్ మోగినప్పుడల్లా మేం తలెత్తకుండా నవ్వుకునేవాళ్ళం. కొన్నిసార్లు నేనే కావాలని వాడికి మిస్డ్ కాల్ ఇచ్చేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా ఇటు తిరిగి చూడలేదు. కొన్నాళ్ళకి పై ఫ్లోర్‌కి సీటు మార్పించుకుంది.