అరుగు మీది ఉత్తరాలు

వంశధార ఒడ్డున ఒక ఊరు. రంగూనును మనవాళ్ళు రంగం అనే రోజులవి. ఊరి మగవాళ్ళలో సగం మంది ఓడెక్కి రంగం పోయి, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ మూటలు మోసేవారు. వీలైనప్పుడు మనియార్డరు, దాని అడుగున ఓ రెండు ముక్కలు పంపేవారు. ఊళ్ళో బడిపంతులే పోస్టుమాస్టరు కూడా. పొద్దున పిల్లలకు చదువు చెప్పి, మధ్యాహ్నం తపాలా సంచి విప్పి, సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని చదువురాని ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు.

ఆయనకొక కూతురు. దొరికిన నవలనల్లా చదివేది. తానూ ఒక ప్రేమ నవల రాయాలని దస్తా కాగితాలు తెప్పించుకుంది, కలానికి కొత్త పాళీ వేయించుకుంది, బల్లను కిటికీ పక్కకు జరిపించుకుంది. తీరా కూర్చుంటే కలం కదలదు. పున్నమి వెన్నెల అని మొదలుపెడుతుంది, గుర్రం మీద జమీందారు కొడుకును తెస్తుంది, అతని ఎదుట తామర రేకుల కళ్ళ పిల్లను నిలబెడుతుంది. ఆ పైన వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకోవాలో తోచదు. కాగితం నలిపి మూల పడేస్తుంది. ‘నేనెవరినీ ప్రేమించలేదు, నన్నెవరూ ప్రేమించలేదు, నాకు కథ ఎక్కణ్ణించి వస్తుంది?’ అని దిగులుపడుతుంది. ఎప్పుడో ఒకనాడు దానంతటదే వస్తుందని మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది.

తండ్రి ఆ నలిపిన కాగితాలు చూశాడు. ఏమీ అడగలేదు. ఒకనాటి సాయంత్రం పిలిచి, “నా కళ్ళు ఆనడం లేదమ్మా. రేపట్నుంచి అరుగు మీద నువ్వు కూర్చో. ఉత్తరాలు నువ్వే రాసిపెట్టు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఇక్కడ విన్నది తపాలా సంచిలోకి పోవాలి తప్ప వీధిలోకి పోకూడదు” అన్నాడు.

పిల్లకు ఇష్టం లేదు. తాను రాయాలనుకున్నదేమిటి, ఈ రాతలేమిటి! అయినా తండ్రి మాట కాదనలేక కూర్చుంది.

మొదట వచ్చినావిడకు పెళ్ళయి రెండేళ్ళు. మొగుడు రంగం పోయి ఏడాది దాటింది.

“ఏం రాయమంటావు?”

“ఏటి రాస్తామమ్మా? అందరం కులాసా అని రాయి. గేదె ఈనిందని రాయి. పెయ్య దూడ.”

పంతులుగారమ్మాయికి ఇది మరీ చప్పగా తోచింది. సరే, నేనే బాగుచేస్తానని ‘ప్రాణనాథా’ అని మొదలుపెట్టి, విరహాగ్నిని, చకోరాన్ని, చంద్రికను వరసగా నిలబెట్టి కాగితం నింపి, గొంతెత్తి చదివి వినిపించింది. వినేకొద్దీ ఆవిడ ముఖం పాలిపోయింది.

“వద్దమ్మా. ఇది వింటే నా ఉత్తరం కాదనుకుంటాడు. నాకేటో అయిపోయింది, ఎవలో రాయించినారని బెంగెట్టుకుంటాడు. కొట్టీసీ.”

కొట్టేసింది. కొత్త కాగితం తీసింది. కులాసా రాసింది, గేదె రాసింది. “ఇంకా?”

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు ఊరుకుంది. “పండక్కి ఇంటికి సున్నం ఏసినానని రాయి. తూరుపు గోడకి ఏయలేదని రాయి.”

“ఎందుకు వేయలేదు?”

“రాయక్కర్లేదు. ఆడికి తెలుస్తాది.”

పిల్ల కలం పట్టుకుని కూర్చుండిపోయింది. చివరకు ఆవిడే గొంతు తగ్గించి చెప్పింది. కూడు తిన్నాక అతను ఆ గోడకే తల ఆనించి కూర్చునేవాడు. అక్కడ తలనూనె మరక ఉంది.

పిల్ల ఆ ఒక్క ముక్క, ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసింది: తూరుపు గోడకి సున్నం ఏయలేదు.

ఆనాటి నుంచి అరుగు మీద కూర్చోవడం బరువనిపించలేదు. ఒకావిడ డబ్బు పంపలేదని కాగితం పొడుగునా తిట్టించి, చివర జాగా మిగిలితే వాము నీళ్ళు తాగమని రాయించింది, అతనికి కడుపునొప్పి ఉందిట. మరొక ముసలమ్మ కొడుక్కి రాయించవలసినవన్నీ రాయించి, కోడలి పేరు ఎత్తకుండా, ‘నువ్వు నాటిన మునగ చెట్టుకు ఆ పిల్లే నీళ్ళు పోస్తోంది’ అని ముగించింది. వినేవాళ్ళకు ఇవి ఇంటి సంగతులు. రాసే చేతికి మాత్రం ఒక్కొక్క ముక్కలో ఎంత మూట కట్టి పెట్టారో తెలిసేది.

ఒక అమ్మాయి వచ్చేది. పెళ్ళి కాలేదు. మేనబావ రంగం పోయాడు, తిరిగివస్తే చేసుకుంటాడని పెద్దలు అనుకున్న మాట. వచ్చి అందరినీ ముందుకు పోనిచ్చి, అందరూ వెళ్ళాక తానూ లేచి వెళ్ళిపోయేది. ఒకరోజు చివరకు కూర్చుంది.

“మా అమ్మ బాగుందని రాయి. తమ్ముడు బడికెళ్తన్నాడని రాయి.”

“నీ సంగతి?”

“నా సంగతి నానెందుకు రాయాల? ఆడిని అడగనీ.”

అంతే. లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పంతులుగారమ్మాయికి నిద్ర పట్టలేదు. అడుగుతాడా? అడగకపోతే ఈ పిల్ల ఏం చేస్తుంది? అడగాలని ఉండి, అడిగితే చులకనైపోతానని అతనూ ఊరుకుంటే? ఇద్దరూ ఎదుటివాడి నోటి మాట కోసం సముద్రానికి చెరోవైపు కాచుకుని కూర్చుంటే, మధ్యలో ఇంకో సంబంధం వస్తే? లేచి లాంతరు వెలిగించింది. తండ్రి పెట్టిన షరతు గుర్తుంది. అందుకని రంగం తీసేసింది, మేనరికం తీసేసింది, ఊరు మార్చింది, కులవృత్తి మార్చింది. మిగిలింది ఒక్కటే: తన సంగతి తానుగా చెప్పని ఒక ఆడపిల్ల, తానుగా అడగని ఒక మగపిల్లాడు. మొదటి వాక్యం రాసింది: ‘ఈసారి ఉత్తరంలోనూ అతను అడగలేదు.’ తెల్లవారేసరికి నాలుగు కాగితాలు నిండాయి. మర్నాడు పొద్దున చదువుకుంటే రెండు పనికిరావనిపించింది. రెండు ఉంచుకుంది. ఆ రాత్రి మళ్ళీ కూర్చుంది.

నవల పూర్తయ్యాక అరుగు మీదికి వచ్చే ఆడవాళ్ళకే చదివి వినిపించింది. కళ్ళు తుడుచుకున్నవాళ్ళు తుడుచుకున్నారు. తూరుపు గోడ ఆవిడ మాత్రం అంతా విని, “బాగుందమ్మా. గానీ ఆ పిల్లోడు పనికాణ్ణించి ఇంటికొచ్చి ఏటి తింటాడో ఎక్కడా రాయలేదేటి? ఆ పిల్లకి ఆ సంగతి పట్టదా?” అని అడిగింది.

పంతులుగారమ్మాయి కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.

నీతి: ప్రేమ నవల రాయదలచినవాళ్ళు తమ జీవితంలోకి గొప్ప ప్రేమ వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. ప్రేమించినవాళ్ళు నోరు తెరిచి చెప్పలేకపోతున్నది వినాలి. విన్ననాడే కూర్చుని రాయాలి.

ఇది కట్టుకథ. దీనికి దగ్గరగా నిజంగా జరిగిన కథ ఒకటుంది. ఇంగ్లండులో శామ్యూల్ రిచర్డ్‌సన్ అనే ఆయన పదమూడేళ్ళ వయసులో ఇరుగుపొరుగు పడుచులు ముగ్గురికి ప్రేమలేఖల జవాబులు రాసిపెట్టేవాడు. ఒకరికి తెలియకుండా ఒకరు ఆయనతో రాయించుకునేవారు. ఆయనా ఒకరి గుట్టు మరొకరికి చెప్పలేదు. పెద్దయ్యాక లండనులో అచ్చాపీసు పెట్టి బాగా స్థిరపడ్డాడు. 1739లో ఇద్దరు పుస్తక వ్యాపారులు, పల్లెటూరివాళ్ళకు ఉత్తరాలు ఎలా రాయాలో నేర్పే మాదిరి ఉత్తరాల పుస్తకం రాసిపెట్టమని అడిగారు. పెద్దింట్లో పనికి కుదిరిన ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పే ఉత్తరాలు రాస్తుండగా, ఎన్నడో విన్న ఒక పనిపిల్ల కథ మనసులో మెదిలింది. మాదిరి ఉత్తరాలు పక్కన పెట్టి 1739 నవంబరు 10న ఆ కథ ఎత్తుకున్నాడు, 1740 జనవరి 10కి ముగించాడు. అదే ‘పమేలా’. ఎక్కువగా ఉత్తరాల రూపంలోనే నడిచే ఆ నవల ఇంగ్లీషు ప్రేమ నవలకు పెద్ద దారి వేసింది. పుస్తకం వచ్చేనాటికి ఆయనకు యాభై దాటాయి. ముప్పై దాటాక ప్రేమ నవల రాయడానికి ఆలస్యమైందనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

‘నేనెవరినీ ప్రేమించలేదు’ అనే దిగులుకు జవాబు ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ దగ్గర ఉంది. ఆవిడ పెళ్ళే చేసుకోలేదు. ఇరవై ఒకటో ఏట రాయడం మొదలుపెట్టిన నవలను 1797లో తండ్రి ఒక ప్రచురణకర్తకు చూపబోతే, కనీసం తెప్పించుకుని చదవకుండానే వద్దన్నారు. ఆవిడ దాన్ని పారేయలేదు. ‘ప్రైడ్ అండ్ ప్రిజుడీస్’ అనే పేరుతో 1813లో అచ్చయింది. అందులో ప్రేమికులను విడదీసే విలన్‌కంటే వాళ్ళిద్దరి పొగరే పెద్ద అడ్డు. ఎలిజబెత్ తొందరపడి ఒక అభిప్రాయానికి వచ్చేసింది. డార్సీకి తన అంతస్తు మరపు రాదు. కథంతా ఆ రెండూ కరగడమే.

మన దగ్గరికి వస్తే, కృష్ణా జిల్లా కాజలో 1940లో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నెలనెలా పత్రిక కోసం ఇళ్ళల్లో కాచుకున్నారంటే కథానాయకుడు రాజశేఖరం కారు, మేడ చూసి మాత్రమే అనుకోవడం ఆ పాఠకురాళ్ళను తక్కువ చేయడమే. కథానాయిక జయంతి ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయి. ఆమె ఆత్మాభిమానం ఆ ప్రేమకు అడ్డు నిలబడింది. ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టిన ఆడపిల్లల తరం ఒకటి అప్పుడే పెరుగుతోంది. ‘నేను తలవంచకుండా అతన్ని ప్రేమించగలనా?’ అన్నది వాళ్ళ సొంత ప్రశ్న. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా, ‘ప్రేమనగర్’ 1971లో అదే పేరుతో సినిమాలుగా వచ్చాయంటే ఆ నవలల్లో మనుషుల మధ్య నిలబెట్టిన చిక్కులు అంత గట్టివి. బెంగాలీ రచయిత శరత్‌బాబు యువకుడిగా ఉన్నప్పుడు రాసి, 1917లో గాని బయటికి రానీయని ‘దేవదాసు’ను తెలుగువాళ్ళు సొంతం చేసుకున్నదీ అందుకే. పార్వతి అర్ధరాత్రి తన గదికి వచ్చినప్పుడు దేవదాసు తేల్చుకోలేకపోయిన పిరికితనం మనకు తెలియనిది కాదు.

కాబట్టి కొత్తగా రాసేవాళ్ళు కథానాయకుడి ఎత్తు, కథానాయిక జడ పొడవు తరవాత చూసుకోవచ్చు. ముందు అడ్డు ఏమిటో తేల్చుకోవాలి. ఆ అడ్డు వాళ్ళ లోపల ఉందా, ఇంట్లో ఉందా, ఊళ్ళో ఉందా? కులం ఉంది, కట్నం ఉంది, అక్క పెళ్ళి కాలేదన్న బాధ్యత ఉంది. అమ్మాయి ఉద్యోగం గచ్చిబౌలిలో, అబ్బాయిది డాలస్‌లో, ఇద్దరికీ తీరికగా ఉండే గంట ఒక్కటే దొరికే ప్రేమలు ఇప్పుడు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. వీసా తేదీ కూడా ఒక అడ్డే. ఫోనులో టైపు చేసి, పంపకుండా చెరిపేసిన సందేశమూ ఒక ఉత్తరమే. అపార్థం ఒక్కదాని మీద మూడు వందల పేజీలు నడిపితే పాఠకులు విసుక్కుంటారు. ఒక ఫోను చేసుకుంటే తీరిపోయే చిక్కు చిక్కే కాదని నా గట్టి అభిప్రాయం.

ఎవరి కథ వాడుకోవచ్చన్నది ఇంకో సంగతి. స్నేహితురాలు నమ్మి చెప్పిన మాటను పేరు మార్చి అచ్చేయడం ద్రోహం. అందులోని ముడిని మాత్రం తీసుకుని, మిగతాదంతా మనం కొత్తగా అల్లాలి. అల్లడమే రచన. అలా అల్లుతున్నప్పుడే మనకు తెలియని మనుషులు పుడతారు.

ఇక మొదలుపెట్టడం. మొదటి అధ్యాయం అద్భుతంగా వచ్చేదాకా రెండోది రాయనని మొండికేస్తే నవల రాదు. మన సీరియల్ రచయిత్రులు ఇల్లూ పిల్లలూ వంటా చూసుకుంటూనే గడువుకు భాగం అందించారు. ప్రేరణ వచ్చిందా లేదా అని పత్రిక అడగదు, భాగం వచ్చిందా అని అడుగుతుంది. మీకు ఏ సంపాదకుడూ గడువు పెట్టకపోతే మీరే పెట్టుకోండి. ఈ రాత్రి ఒక్క పేజీ చాలు. ఒక మనిషి ఇంకో మనిషికి అసలు చెప్పాలనుకున్నది ఒకటి, నోటి నుంచి వచ్చింది ఇంకొకటి. ఆ సన్నివేశం రాయండి. వెన్నెల పెట్టకండి. వాళ్ళు ఆ పూట ఏం తిన్నారో మాత్రం పెట్టండి. రేపు పొద్దున చదివి, పనికిరానిది కొట్టేసి, రేపు రాత్రి రెండో పేజీకి కూర్చోండి.